పుట్టినింటి పేరు: ఒక స్కాట్లాండు కర్షకకుటుంబ చరిత్రము

ఒకనాడు పాఠశాలలో చరిత్రపాఠము ముగిసిన పిమ్మట మేము విద్యార్థుల నొక ప్రశ్న యడిగితిమి. మీ తాతగారి పేరేమి యని మొదట నడుగగా చేతులన్నియు లేచినవి. ఆయన తండ్రి పేరేమి యనగా సగము చేతులు నిలిచినవి. మీ నాయనమ్మగారి పుట్టినింటి పేరేమి, ఆమె యే యూరినుండి మీ యింటికి వచ్చినది యని యడిగినప్పుడు తరగతియంతయు నిశ్శబ్దమయ్యెను. ఒక బాలుడు మాత్రము లేచి, "అయ్యా, మా నాయనమ్మది మా యింటిపేరే గదా" యనెను. ఆ బాలునియందు దోషము లేదు. సాయంకాలము మేము నింటికి వచ్చి, మా వంశవృక్షము వ్రాసియున్న కాగితమును దీసి చూచుకొంటిమి. ఏడుతరముల పురుషుల పేళ్లు వరుసగా నున్నవి. స్త్రీలలో మా తల్లి పేరు దప్ప వేరొక్క పేరును లేదు. ఆ పేరైనను మేము స్వయముగా చేర్చినదే.

ఈ లోపమును దలపోయుచుండగా, మేము కొంతకాలముగా చదువుచున్న యొక కుటుంబచరిత్రము మాకు మునుపటికంటె విలువగలదిగా దోచెను. అది రాజులదిగాని ప్రభువులదిగాని కాదు. అన్యుల భూములను కౌలునకు దీసికొని, చలికిని, అప్పులకును, భూస్వామి గుమాస్తాకును జడియుచు బ్రతికిన స్కాట్లాండు రైతులది. వారి సంతతి సముద్రముల కావల నెన్నో దేశములకు బోయినను, చరిత్రకారునకు దారము తెగక దొరకుచున్నది. అట్లు దొరకుటకు ముఖ్యకారణము ఆ కుటుంబముల తల్లుల పేళ్లు వ్రాయబడియుండుటయే యని మా యభిప్రాయము. దానిని నిదర్శనపూర్వకముగా జూపుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

స్కాట్లాండునందు పెండ్లియైన స్త్రీని లోకవ్యవహారమున భర్త యింటిపేరుతో బిలువవచ్చును. కాని ధర్మాసనముల దృష్టిలో నామె పుట్టినింటి పేరు మాసిపోదు. దస్తావేజులలో రెండు పేళ్లను "లేక" యను మాటతో జోడించి వ్రాయుట యచ్చటి న్యాయవాదుల యాచారము. రాబర్టు బర్న్సు అను ప్రసిద్ధకవి చెల్లెలగు ఇసబెల్లా, జాన్ బెగ్ అను నతనిని వివాహమాడెను. ఆ పద్ధతి ననుసరించి వ్రాయవలసినచో నామె "ఇసబెల్లా బర్న్సు లేక బెగ్" అగును. సమాధిశిలలపైనను భార్య పేరు తఱచుగా పుట్టినింటి పేరుతోడనే చెక్కబడును. పల్లెటూరి శ్మశానవాటికలో నొక గంటసేపు తిరిగినవాడు, ఏ యింటి పిల్ల యే యింటికి కోడలైనదో చాలవఱకు దెలిసికొని రాగలడు.

చర్చి పుస్తకములు దీనికి దోడగును. అచ్చటి గ్రామమండలములలో జననములకును వివాహములకును బుస్తకము లుంచెడివారు. మిగిలియున్నవానిలో మిక్కిలి పాతది పెర్తుషైరులోని ఎరోలు గ్రామపుది. అది 1553లో మొదలైనది. ఈ పుస్తకములన్నియు సమగ్రములని చెప్పరాదు. కొన్ని నశించినవి. కొన్నింటిలో వరుసగా కొన్ని సంవత్సరముల పుటలే లేవు. 1783లో ప్రభుత్వము ప్రతి నమోదునకు 3 పెన్నీల పన్ను విధింపగా, పన్ను రద్దగువఱకు బీదలు పెక్కండ్రు బిడ్డల పేళ్లు వ్రాయించుటయే మానిరి. పిదప 1855 జనవరి 1వ తేదీనుండి జననమరణవివాహముల లెక్కను ప్రభుత్వమే స్వీకరించెను. వివాహపుటలో వధూవరుల తండ్రుల పేళ్లతోపాటు తల్లుల పేళ్లును, వారి పుట్టినింటి పేళ్లును వ్రాయవలెను. మరణపుటలోను మృతుని తల్లి పుట్టినింటి పేరు వ్రాయవలెను. ఇందువలన గలిగిన మేలును గమనింపుడు. 1780లో బుట్టిన యొక వృద్ధురాలు 1860లో మరణించినదనుకొందము. ఆమె మరణపుటయందు ఆమె తల్లి పుట్టినింటి పేరుండును. ఒక్క కాగితము చరిత్రకారుని నూఱేండ్లు వెనుకకు గొనిపోవును.

ఈ పేళ్లు రైతుల చరిత్రలో నింత ముఖ్యములగుటకు వేరొక కారణము గలదు. కౌలురైతునకు భూమి శాశ్వతము కాదు. పందొమ్మిదేండ్ల గడువుగల కౌళ్లు ఆ దేశమున మిక్కిలి వాడుక. గడువు దీరగానే కొత్తభూమిని వెదకికొనవలెను. అట్టివానికి నిలుకడయైన యాస్తి బంధుబలమే. అందుచే నొక లోయలోని నాలుగైదు కమతములవారు తమలో దాము పిల్లల నిచ్చి పుచ్చుకొనుచుండెడివారు. ఒకయింటి యన్నదమ్ములు పొరుగింటి యక్కచెల్లెండ్రను వివాహమాడుటయు గలదు. అప్పునకు బూచీ పడువాడు బావమఱది. బిడ్డ జ్ఞానస్నానమునకు సాక్షి పొరుగురైతు. ఒకే గ్రామమున నొకేపేరు గలవారు పదిమంది యుండుటచే, రైతును కమతము పేరుతో బిలుచుట యలవాటు. గ్లెంకానర్ అనగా గ్లెంకానర్ కమతము చేయు జాన్ టెనెంటు అని యర్థము. మన యిండ్లపేళ్లలో ననేకము లూళ్ల పేళ్లనుండి పుట్టుట తెలిసిన మనకిది వింతగా దోపదు. కాని రైతు కమతము మాఱినపుడు ఆ పేరును మాఱును. అప్పు డతని భార్య పుట్టినింటి పేరే యతనిని గుర్తుపట్టుటకు నమ్మకమైన యానవాలు.

ఇక మనము చెప్పదలచిన కుటుంబమునకు వత్తము. విలియము బర్నెస్ 1721లో స్కాట్లాండు నీశాన్యభాగమునందలి కింకార్డిన్‌షైరులో నొక కౌలురైతునకు బుట్టెను. అతని తండ్రి రాబర్టు బర్నెస్, తల్లి ఇసబెల్లా కీత్. వ్యవసాయము చెడి, తండ్రి కమతము నిలువకపోగా, విలియము 1748లో నిల్లు విడిచి ఎడింబరో నగరమున తోటపనికి జేరెను. అచ్చటినుండి 1750లో పడమటి తీరమునందలి ఎయిర్‌షైరునకు బోయెను. దేశము విడువక పోయినను, ఆ కాలపు రైతునకు దూరమందలి జిల్లాకు బోవుట యొక వలసయే.

అలోవే గ్రామమున ఏడెకరముల నేలను కౌలునకు దీసికొని, విలియము తన చేతులతోనే మట్టియిల్లు కట్టికొనెను. 1757 డిసెంబరులో ఆగ్నెస్ బ్రౌన్ అను రైతుబిడ్డను వివాహమాడెను. ఆమె తండ్రి గిల్బర్టు బ్రౌన్, తల్లి ఆగ్నెస్ రెనీ. ఆగ్నెసునకు పదియేండ్లప్పుడే తల్లి చనిపోగా, పెద్దకూతురగుటచే తమ్ములను జెల్లెండ్రను సాకినది. ఆమెకు జదువుట కొంచెము వచ్చునుగాని, తన పేరు వ్రాయుట రాదు. పాతపాటలు మాత్రము లెక్కలేనన్ని వచ్చును. ఆమె కుమారుడు కవియైనప్పుడు ఆ పాటల బాణీలే యతనికి బెట్టుబడి యయ్యెను. తన పేరు వ్రాయలేని యీ తల్లి పేరు పోలేదు. ఎయిరు చర్చి పుస్తకములో 1759 జనవరి 25వ తేదీన బుట్టిన రాబర్టునకు దండ్రి పేరుతోపాటు ఆగ్నెస్ బ్రౌన్ అను పేరును వ్రాయబడియున్నది. ఆ పుటలో సాక్షిగా గనబడువాడు పైన జెప్పిన జాన్ టెనెంటు. అతని కుమారుడు చార్లెసు 1799లో వస్త్రములను తెల్లజేయు పొడిని తయారుచేయుటకు హక్కుపత్రమును బొంది, గ్లాస్గోనగరమున గొప్ప కర్మాగారమును స్థాపించెను. ఒక మట్టియింటి బిడ్డ జ్ఞానస్నానపుట, రెండు కుటుంబముల చరిత్రల కూడలియైనది.

బిడ్డలకు పేళ్లు పెట్టుటలో స్కాట్లాండువారికొక వరుస గలదు. మొదటి కుమారునకు తండ్రితండ్రి పేరు, రెండవవానికి తల్లితండ్రి పేరు, మూడవవానికి తండ్రి పేరు. మొదటి కుమార్తెకు తల్లితల్లి పేరు, రెండవదానికి తండ్రితల్లి పేరు. మనలో తాతపేరు మనుమనికి బెట్టుట యెఱిగిన చదువరులకు దీని యందము వెంటనే తెలియును. విలియము ఆగ్నెసుల బిడ్డలను జూడుడు. మొదటివాడు రాబర్టు, రెండవవాడు గిల్బర్టు, మూడవవాడు విలియము. పెద్దకూతురు ఆగ్నెసు. వరుస యక్షరాల సరిపోయినది. కాని రెండవకూతురు అనబెల్లా. తండ్రితల్లియగు ఇసబెల్లా పేరు 1771లో బుట్టిన మూడవకూతునకు వచ్చినది. కనుక ఈ వరుస దారిచూపునదేగాని తీర్పుచెప్పునది కాదు. దానినే నమ్మి లేని తాతలను గల్పించిన వంశచరిత్రకారులు మోసపోయిరి.

వర్ణక్రమమును నమ్మరానిదే. తండ్రి బర్నెస్ అని వ్రాసెను. కుమారులు 1786లో బర్న్సు అని మార్చుకొనిరి. విలియము సోదరుడు మాంట్రోజు పట్టణమున స్థిరపడగా, ఆ శాఖలో పాతపేరే నిలిచెను. ఒకే రక్తము రెండు పేళ్లతో జీలినది. వివాహములును కొన్ని చిక్కులు గలవి. ఆ దేశపు ధర్మము ననుసరించి, మతగురువు లేకున్నను, స్త్రీపురుషులు తాము దంపతులమని సమ్మతించినచో నది వివాహమే. ఈ పద్ధతి 1940వఱకు జెల్లినది. రాబర్టు, మోఖ్లిను గ్రామపు తాపీమేస్త్రి కూతురు జీన్ ఆర్మరును 1786లో నొక కాగితముపై భార్యగా నంగీకరించెను. ఆమె తండ్రి యొప్పుకొనలేదు. 1788 ఆగస్టులోగాని చర్చిసభ యా వివాహమును గుర్తింపలేదు. పెండ్లిపుస్తకము నొక్కదానినే వెదకినవానికి సత్యము దొరకదు. తప్పులు విచారించిన చర్చిసభల పుస్తకములను జూడవలెను. ఆ విచారణలు స్త్రీలకెంత యవమానకరములో చెప్పనక్కరలేదు. పేదపిల్లను సభముందు నిలువబెట్టి ప్రశ్నించిన కాగితమే నేడు చరిత్రకు సాక్ష్యమైనది.

విలియము 1766లో మౌంట్ ఆలిఫాంటు అను డెబ్బదియెకరముల కమతమును దీసికొనెను. నేల చౌడు, కౌలు ఎక్కువ. అయినను అంతకుముందు 1765లోనే పొరుగువారు నలుగురితో గలిసి, జాన్ మర్డోక్ అను యువకుని బిడ్డల చదువునకై యుపాధ్యాయునిగా నియమించుకొనెను. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఆ కర్షకుని చరిత్రమున నింతకంటె హృదయంగమమైన ఘట్టము లేదు. 1777లో లోఖ్లీ కమతమునకు మాఱెను. భూస్వామితో వ్యాజ్యము వచ్చెను. 1784 జనవరిలో దేశపు పెద్ద న్యాయస్థానము విలియమునకే గెలుపు జెప్పెను. ఫిబ్రవరి 13వ తేదీన నతడు క్షయతో మరణించెను. గెలిచిన వ్యాజ్యము వానిచేతికి ముడివిప్పిన సంచినే మిగిల్చెను.

అప్పటికే మోస్‌గీలు కమతమును దీసికొన్న రాబర్టు గిల్బర్టులు తల్లితోను చెల్లెండ్రతోను అచ్చటికి బోయిరి. ఆ నేలయు ఫలింపలేదు. 1786లో రాబర్టు దేశము విడిచి జమైకాద్వీపమునకు బోవ నిశ్చయించుకొనెను. బానిసలచే సాగుచేయించు తోటలో లెక్కలు చూచు నుద్యోగము కుదిరెను. ఆ జూలైలో నచ్చయిన యతని కావ్యసంపుటము 612 ప్రతులును శీఘ్రముగా జెల్లిపోగా, ప్రయాణము నిలిచెను. మనుష్యస్వాతంత్ర్యమును బాడిన కవి, బానిసల చెమటనుండి జీతము దీయవలసినవాడగుటకు రేకవాసియే మిగిలెను. వలసయనునది నిరుపేదను గూడ నన్యాయమున భాగస్వామిని జేయగలదని యీ వృత్తాంతము మనకు జెప్పుచున్నది.

రాబర్టు 1796లో మరణించెను. అతని కుమారులలో నిద్దఱు ఈస్టిండియా కంపెనీ సైన్యములలో జేరిరి. విలియము నికోలు 1811లో మద్రాసునకు వచ్చి, 7వ దేశీయపదాతిదళమున ముప్పదియేండ్లకు బైగా బనిచేసెను. జేమ్సు గ్లెంకేర్న్ బంగాళసైన్యమున జేరెను. కింకార్డిన్‌షైరు చౌడునేలను విడిచిన రైతు మనుమడు మన దక్షిణదేశపు టెండలో దళమును నడిపినాడు. మాంట్రోజు శాఖలోని యలెగ్జాండరు బర్నెస్, విలియము సోదరుని మునిమనుమడు. అతడు బొఖారావఱకు యాత్రచేసి ప్రఖ్యాతుడై, 1841 నవంబరు 2వ తేదీన కాబూలు నగరమున నల్లరిమూకచే తమ్మునితోగూడ జంపబడెను. రైతుబిడ్డలు సామ్రాజ్యమునకు గూలీలుగాను, ముఠామేస్త్రీలుగాను కూడ నైరి.

ఆడపిల్లలును దూరదేశములకు బోయిరి. పెద్దకూతురు ఆగ్నెసు, విలియము గాల్టు అను నతనిని వివాహమాడి, ఐర్లండుదేశమునందలి డన్డాక్ ప్రాంతమునకు బోయి యక్కడనే మరణించెను. తల్లియగు ఆగ్నెస్ బ్రౌన్ చివరిదినములలో, గిల్బర్టు ఎస్టేటు వ్యవహారములు చూచుచుండిన ఈస్టు లోథియనునందు, ఆ కుమారుని యింట నుండి, 1820లో నచ్చటనే కాలధర్మము నొందెను.

గిల్బర్టు భార్య జీన్ బ్రెకెన్‌రిడ్జి. వారి పదునొకండుగురు బిడ్డలలో థామసు 1796లో మోస్‌గీలునందే పుట్టి మతగురువయ్యెను. 1843లో స్కాట్లాండు చర్చిలో గొప్పచీలిక వచ్చెను. మతగురువును నియమించు నధికారము భూస్వాములదా, ప్రజలదా యనునదే వివాదము. 450 మందికి బైగా గురువులు జీతమును, చర్చివారిచ్చిన యిల్లును విడిచి వెలుపలికి వచ్చిరి. థామసు వారిలో నొకడు. ఆ కొత్తచర్చివారే న్యూజీలాండు దక్షిణద్వీపమున ఒటాగో వలసను దలపెట్టిరి. థామసు భార్యయగు క్లెమెంటీనా గ్రాంటుతోను బిడ్డలతోను, 'ఫిలిప్ లాయింగ్' అను నోడలో గ్రీనాకు రేవునుండి 1847 నవంబరులో బయలుదేరి, 1848 ఏప్రిలు 15వ తేదీన నచ్చట దిగెను. ఓడలో దాదాపు 250 మంది యుండిరి. వారు కట్టిన పట్టణమునకు, ఎడింబరో నగరపు గెయిలికు పేరునుండి, డనీడిను అని పేరు పెట్టిరి.

థామసు ఇల్లిల్లును దిరిగి కుటుంబముల వివరములు పుస్తకమున వ్రాసికొనుచుండెను. స్కాట్లాండు గ్రామములలో చర్చి పుస్తకము చేసినపనియే సముద్రముల కావల నిట్లు సాగినది. అతని కూతురు జేన్, విలియము బానర్మను అను మతగురువును వివాహమాడెను. కొత్తదేశమునను ఒకే మతమువారు తమలో దాము పిల్లల నిచ్చిపుచ్చుకొను పాత వాడుక కొంతకాలము నిలిచెను. 1861లో బంగారము బయలుపడి, నానాదేశీయులు వచ్చిపడగా, ఆ కట్టు సడలెను. 1869లో స్థాపింపబడిన ఒటాగో విశ్వవిద్యాలయమునకు థామసే మొదటి ఛాన్సలరు. 1871లో నతడు మరణించిన సంవత్సరముననే యా విశ్వవిద్యాలయము స్త్రీలకు దలుపులు తెఱచెను. స్కాట్లాండునుండి వచ్చిన లెర్మంతు డాల్రింపిలు అను స్త్రీ పట్టుదలచే బాలికల ఉన్నతపాఠశాలయు నాయేటనే వెలసెను. 1893లో న్యూజీలాండు స్త్రీలందఱకును ఓటుహక్కు లభించెను.

ఇంతయు జెప్పి యీ కథకు రెండవప్రక్కను దాచుట న్యాయము కాదు. ఆ నేల నిర్జనమైనది కాదు. ఒటాగోభూమి 1844లో న్గాయితహు జాతి మావోరీలనుండి 2,400 పౌనులకు గొనబడెను. తమకు దగినంత నేల మిగుల్చలేదని వారు తరతరములు మొఱపెట్టుకొనిరి. 1998లో న్యూజీలాండు శాసనసభ క్షమాపణతోగూడిన పరిష్కారశాసనమును జేసెను. మావోరీలు తమ వంశావళులను దండ్రివైపునను తల్లివైపునను గూడ కంఠస్థముగా నిలుపుకొనినవారు. వలసవచ్చినవారు కాగితముపైనను, స్థలము గోల్పోయినవారు నాలుకమీదను, ఉభయులును తల్లుల పేళ్లను రక్షించిరి.

పేరు మిగిలినంతమాత్రమున స్కాట్లాండు స్త్రీకి స్వాతంత్ర్యము సిద్ధించినదని మేము చెప్పము. 1881 శాసనమువఱకును భార్య చరాస్తి పెండ్లితో భర్త వశమగుచుండెను. పేరు హక్కునకు బదులు కాజాలదు. కాని పేరైనను లేనిచోట హక్కునకు సాక్ష్యము నుండదు.

మనవారును సముద్రములు దాటిరి. 1860 నవంబరులో 'ట్రూరో' అను నోడ మద్రాసునుండి 340 మందికి బైగా జనమును నేటాలుదేశమునకు గొనిపోయెను. వారిలో దెలుగువారు గలరు. మారిషసునకును, ఫిజీకిని, బర్మాకును బోయినవారు వేలు. నేటాలు ఓడల పట్టీలలో వయస్సును, దండ్రిపేరును, కులమును, జిల్లాయు, గ్రామమును వ్రాయబడినవి. తల్లిపేరు లేదు. ఆ కూలీల మునిమనుమలలో దమ యూరిని వెదకికొనివచ్చువారు, గ్రామము దొరకిన పిమ్మటను, తల్లివైపు బంధువుల గుర్తుపట్టలేక తిరిగిపోవలసివచ్చును. బ్రౌను పేరు లేనిదే అలోవే మట్టియిల్లు డనీడినుతో ముడిపడదు. మన యాగ్నెసుల పేళ్లు మాత్రము ఎచ్చటను లేవు.

చదువరులు మావలెనే తమ యింటి వంశవృక్షమును దీసి చూడగోరెదము. మేము నాటి సాయంకాలము మా మేనత్తగారికి జాబు వ్రాసితిమి. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. తన తల్లి పుట్టినింటి పేరును, ఆమె తల్లి పేరును, వారి గ్రామములను వ్రాయించి పంపినది. నాల్గవ తరమునకు మించి యామెకును జ్ఞాపకము లేదు. ఆ నాలుగు పేళ్లును మా కాగితముపై నెక్కినవి. జ్ఞాపకము గల వృద్ధురాలు ప్రతి యింటను నేటికి నొకరుండవచ్చును. ఎల్లకాలము నుండరు. ఆలస్యము చేయక కలము దీసికొనుడు.